చీర ముక్క చుట్టిన సీసా

గానుగావిడ పోయిందన్న సంగతి మాకు పాలు పోసే మనిషి చెప్పాడు. మంగళవారం పొద్దున గిన్నెలో పాలు పోస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు: "రేపటిసంది పాలు జర పల్చగుంటె ఏమనుకోకు అమ్మా. బర్లకు పిండి దొరకదు. గానుగ అవ్వ కాలం జేసింది. పదకొండు దినాల దాంక గానుగ బంద్."

మా పక్క ఊరు దేవరయాంజాల్‌లో ఆవిడ గానుగ నుంచి, నూనె తీశాక మిగిలే పిండిని తన గేదెలకు పట్టుకుపోయే మనిషి అతను. ఆవిడ ఎలా పోయిందని నేను అడగలేదు. "పోయే ముందు ఎవరితోనైనా ఏమైనా చెప్పిందా?" అని అడిగాను. అతను నా మొహంలోకి చూసి, "ఏం జెప్తదమ్మా, పండుకున్న మనిషి పండుకున్నట్టే పాయె," అన్నాడు. అది విని నా మనసు కాస్త తేలికపడింది. ఒక మనిషి చావు కబురు వింటూ నేను తేలికపడ్డాను. పాలు పొయ్యి మీద పెట్టాక ఆ సంగతి నాకు తట్టింది. డెబ్బై దాటిన నా వయసులో అంత సిగ్గుపడిన ఉదయం మరొకటి లేదు.

ఎందుకు తేలికపడ్డానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా కౌకూర్ కాలనీ సంచికకు ఏటా నేను వంటింటి జాగ్రత్తల గురించి ఒక పేజీ రాస్తుంటాను. ఈసారీ వంటింటి సంగతే. జాగ్రత్త తీసుకోనిది మాత్రం నేను.

నన్ను ఎరగనివారి కోసం రెండు మాటలు. కోస్తా వైపు బడుల్లో ఇరవై ఎనిమిదేళ్లు తొమ్మిది, పది తరగతులకు సైన్సు చెప్పాను. ఉద్యోగం అయ్యాక కొడుకు దగ్గరికి ఇక్కడికి వచ్చాను. మా ఇంట్లో ఉప్పు కూడా చెంచాతో కొలిచే వేస్తాం. ఏ డబ్బాలో ఏది ఎంత ఉందో, ఏ రోజు ఎంత వాడామో నా నోటు పుస్తకంలో ఉంటుంది. మనవలు ఒక లెక్క తప్పు చేస్తే దాన్ని పదిసార్లు చేయాలి. తప్పు ఎలా వచ్చిందో పక్కన ఒక వాక్యం కూడా రాయాలి. ఆ నియమం నేను పెట్టిందే.

కొన్నేళ్ల క్రితం కాలనీలో అందరూ అవిసె నూనె మంచిదని చెప్పుకోవడం మొదలుపెట్టారు. దుకాణంలో కొన్నది నాకు నమ్మకం కుదరక, గింజలు నేనే కొని, రాళ్లు ఏరి, పది కిలోలు తూచి, ఆటోలో ఆవిడ గానుగకు తీసుకెళ్లాను. సీతారామస్వామి గుడికి వెళ్లే దారిలో రేకుల షెడ్డు. లోపల కట్టె రోలు, దానిలో ఏటవాలుగా తిరిగే కట్టె రోకలి. వాళ్ల ఆయన ఉన్నప్పుడు ఎద్దు తిప్పేదట, ఇప్పుడు మోటారు. ఆవిడ నా సంచిలోంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకుంది. ముందు పళ్లతో కొరికి, చెవి ఒగ్గినట్టు తల వంచి విన్నది. "సప్పుడు వొస్తలేదు టీచరమ్మ. ఇంకొక రోజు ఎండబెట్టుకోని రా," అని సంచి నా చేతికి తిరిగి ఇచ్చింది.

ఎన్ని వందల నోటు పుస్తకాలు "మళ్లీ రాసుకురా" అని తిరిగి ఇచ్చి ఉంటాను. నా సంచి నా చేతికి అలా తిరిగి రావడం అదే మొదలు. ఇంకోటి కూడా గుచ్చుకుంది. ఆవిడ నన్ను "నువ్వు" అన్నది. ఇక్కడి పల్లెల్లో అది చనువే గానీ చిన్నచూపు కాదని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. నేనూ ఆవిడను "నువ్వు" అనే పిలిచేదాన్ని. దానిలో చనువు లేదు. అది కూడా ఇక్కడ రాయాలి.

రెండో రోజు వెళ్లినప్పుడు గింజలు పళ్ల కింద చిటుక్కుమన్నాయి. ఆవిడ వాటిని రోట్లో పోసి మోటారు వేసింది. గింజ నలిగాక అరచేత్తో నీళ్లు చిలకరించింది. అవిసె గింజకు నీళ్లు ఎక్కువైతే జిగురు తేలుతుంది, తక్కువైతే పిండి గట్టిపడక నూనె విడవదు. ఎన్ని మిల్లీలీటర్లు పోశావని అడిగాను. నలిగిన పిండిని పిడికిట్లోకి తీసుకుని, నొక్కి, చేయి తెరిచి చూపింది. ముద్ద విడిపోకుండా వేళ్ల గుర్తులతో నిలిచింది. "గిన్ని," అన్నది. నేను రోలు మీదికి వంగి చూస్తుంటే, "జర ఎన్కకు జరుగు టీచరమ్మ, నీ కండ్లద్దాలు గానుగల పడ్తె అండ్ల గూడ నూనె రాదు," అన్నది. అక్కడున్న ఆడవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు.

గానుగ మెల్లగా తిరిగేది. తొందరగా తిప్పితే నూనె వేడెక్కుతుందని ఆవిడ మోటారు వేగం తగ్గించి పెట్టించింది. గానుగకు వీపు తిప్పి కూర్చుని, చింతపండు గింజలు తీస్తూనో, మరేదో పని చేస్తూనో ఉండేది. రోకలి చప్పుడులో ఏదో మారేది, నాకు మాత్రం తెలిసేది కాదు. అప్పుడు లేచేది. ముదురు పసుపు రంగు నూనె సన్నగా గిన్నెలోకి జారేది. పచ్చి గింజ వాసన, గడ్డివాము వాసన కలిసినట్టు ఉండేది.

ఆ మొదటిసారి పది కిలోలకు మూడు లీటర్లు కూడా రాలేదు. ఈ గింజలో నూటికి నలభై వంతులు నూనె ఉంటుందని పుస్తకంలో చదివి వెళ్లాను కనుక మిగతాది ఏమైందని నిలదీశాను. ఆవిడ పిండి చెక్క ఒకటి విరిచి నా వేళ్ల మధ్య పెట్టి నొక్కమన్నది. వేళ్లు జిడ్డయ్యాయి. "మిగిలింది గిండ్ల ఉన్నది. అంత మనమే తాగితె బర్రె ఏం తినాలె?" అన్నది. నేను వెంట తీసుకెళ్లిన కాటాతో పిండిని కూడా తూచాను. రెండూ కలిపితే లెక్క సరిపోయింది. సరిపోయిందని ఆవిడతో అనలేదు.

ఆ తర్వాత గింజలు నేను తీసుకెళ్లడం మానేసి, ఆవిడ పట్టిన నూనెనే అరలీటరు సీసాల్లో కొనేదాన్ని. నన్ను చూసి కాలనీలో ఇంకో ముప్పై ఇళ్లవాళ్లు మొదలుపెట్టారు. పట్టిన నూనెను ఆవిడ చీకటి గదిలో జాడీలో మూడు రోజులు కదపకుండా ఉంచి, మడ్డి అడుక్కి దిగాక, పైది తేర్చి సీసాల్లో పోసేది. ప్రతి సీసాకూ ముదురు రంగు పాత చీర ముక్క రెండు మడతలు చుట్టి, మెడ దగ్గర దారంతో ముడి వేసేది. సీసా చేతికిస్తూ ప్రతిసారీ అదే చెప్పేది: "ఎండ కన్ను తగలొద్దు. గాలి తగలొద్దు. ఫ్రిజ్జుల పెట్టుకో. బాలింత లెక్క సూసుకోవాలె దీన్ని." నెల రోజుల్లో వాడెయ్యమనేది. వేడి అన్నంలో కారప్పొడి వేసి దీన్ని కలుపుకోమనేది, జొన్నరొట్టె మీద రాసుకోమనేది. తాలింపుకు మాత్రం వద్దనేది. "పొయ్యి మీద పెడితె సచ్చిపోతది," అనేది.

తప్పు ఎలా వచ్చిందో ఇప్పుడు రాస్తాను.

ఆ చీర ముక్క నాకు నచ్చేది కాదు. గుడ్డ చుట్టి ఉంటే సీసాలో నూనె ఎంత ఉందో కనబడదు. కొలత తక్కువ పోసి, అది కనబడకుండా చుడుతోందని నా అనుమానం. అందుకని ఇంటికి రాగానే బట్ట విప్పి పారేసి, నూనెను ఒక తెల్ల గాజు సీసాలోకి మార్చేదాన్ని. ఆ సీసాకు గీతలు గీసిన కాగితం అంటించాను. దాన్ని వంటింటి తూర్పు కిటికీలో పెట్టాను, ఎందుకంటే పొద్దుటి ఎండ సీసాలోంచి వస్తే నూనె ఏ గీత దగ్గర ఉందో చక్కగా కనిపిస్తుంది. రోజూ చూసి పుస్తకంలో రాసుకునేదాన్ని. కొలత ఏనాడూ తక్కువ రాలేదు.

చలికాలమంతా బాగానే గడిచింది. ఎండలు ముదిరాక ఒకరోజు అన్నంలో కలుపుకుంటే చేదుగా ఉంది. వాసన చూస్తే తలుపుకు కొత్తగా రంగు వేసినట్టుంది. పాత నూనె కలిపి అమ్మిందని నిశ్చయించుకున్నాను. ఎవరినీ అడగలేదు. కాలనీ ఆడవాళ్ల ఫోన్ గ్రూపులో, నా అలవాటు ప్రకారం అంకెలు వేసి మూడు వాక్యాలు రాశాను. ఒకటి, గానుగావిడ నూనెలో కల్తీ ఉంది. రెండు, నేను సైన్సు టీచరుగా పరీక్షించి చెబుతున్నాను. మూడు, ఎవరూ వాడవద్దు.

మర్నాడు ఆ తెల్ల సీసాను సంచిలో పెట్టుకుని దేవరయాంజాల్ వెళ్లాను. షెడ్డులో నలుగురైదుగురు ఉన్నారు, అందులో ఇద్దరు మా కాలనీ వాళ్లే. ఆవిడ సీసా అందుకుంది. మూత తీసి వాసన చూసింది. చిటికెన వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. తర్వాత సీసాను వెలుగుకు ఎత్తి, నేను అంటించిన కాగితాన్ని పై గీత నుంచి కింది గీత దాకా వేలితో తడిమింది. ఆవిడకు చదువు రాదు, కానీ ఆ కాగితం ఏమిటో తెలిసింది.

"బట్టేది టీచరమ్మ?" అని అడిగింది.

బట్టతో పనేమిటి, విప్పి పారేశానన్నాను. ఆవిడ నా వంక చూసింది. తర్వాత అక్కడున్నవాళ్ల వంక చూసింది.

"నాదే తప్పు," అన్నది. "నీకు గట్టిగ జెప్పకపోతి."

లోపలికి వెళ్లి కొత్త సీసా తెచ్చి, బట్ట చుట్టి, ముడి రెండుసార్లు వేసి నా చేతిలో పెట్టింది. నేను తెచ్చిన చెడు నూనెను పారబోయలేదు. పాత గుడ్డతో షెడ్డు తలుపుకు రుద్దమని కోడలికి ఇచ్చింది. నేను ఇంటికి వచ్చి గ్రూపులో నాలుగో వాక్యం రాశాను: తప్పు తనదేనని ఆవిడ నలుగురి ముందు ఒప్పుకుంది.

ఆ నాలుగో వాక్యాన్ని ఇప్పుడు ఇక్కడ మళ్లీ రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. పదిసార్లు రాయమంటే రాయలేను.

కొత్త నూనెను యథాప్రకారం కడిగిన తెల్ల సీసాలోకి వంచుతున్నాను. సగం వంచేసరికి స్టేషన్‌కు వెళ్లాల్సిన ఆటో వచ్చింది. మా చెల్లెలి ఇంట్లో పెళ్లికి కాకినాడ వెళ్లాలి. మిగిలిన సగం బట్ట చుట్టిన సీసాలోనే ఉంచి, ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లాను. మూడు వారాల తర్వాత తిరిగొచ్చి రెండూ రుచి చూశాను. ఫ్రిజ్‌లోది పచ్చి గింజ వాసన వేస్తోంది. కిటికీలోది రంగు వాసన వేస్తోంది. ఒకే రోజు పట్టిన ఒకే నూనె.

గాలి, వెలుతురు, వేడి తగిలితే నూనెలు ఆక్సీకరణం చెంది, వాటికి చెడు వాసన, రుచి వస్తాయి. దీన్ని ముక్కిపోవడం అంటారు. పదో తరగతి పాఠం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఇరవై ఎనిమిదేళ్లు ఏటా నల్లబల్ల మీద రాసి, కింద గీత గీసి చెప్పాను. చదువు రాని ఆవిడ అదే సంగతిని ఎండ కన్ను, బాలింత అన్న మాటల్లో చెబితే నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదనడం కూడా పూర్తి నిజం కాదు. ఆవిడ నోటి నుంచి వచ్చింది కనుక అందులో వినాల్సింది ఏమీ ఉండదనుకున్నాను.

చెప్పేద్దామనే ఆ వారం వెళ్లాను. షెడ్డు తలుపు కొత్తగా మెరుస్తోంది. ఈ నూనె పాతబడితే తినడానికి పనికిరాదు గానీ కట్టెకు పట్టి గట్టిపడుతుంది. ఆ మెరుపు నా సీసాలోదే. లోపల జనం ఉన్నారు. ఆవిడ నన్ను చూసి, "ఈపారి మంచిగున్నదా టీచరమ్మ?" అని అడిగింది. బాగుందన్నాను. ఆవిడ కాసేపు ఆగింది. నేను సంచిలోంచి డబ్బు తీసి లెక్కపెట్టాను. సరేనని తల ఊపి పనిలో పడింది.

ఆ తర్వాత రెండేళ్లు, నెలకోసారి వెళ్లాను. ప్రతిసారీ చెబుదామనే వెళ్లాను. ప్రతిసారీ తలుపు చూసి లోపలికి అడుగుపెట్టి, సీసా తీసుకుని వచ్చాను. దాన్ని బట్టతో సహా ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని, అది మాత్రం నేర్చుకున్నాను. కాలనీలో కొనేవాళ్లు నాలుగు ఇళ్లకు తగ్గారు. ఆవిడ మాట మీద శామీర్‌పేట అవతల వాళ్ల మరిది ముప్పై గుంటల్లో, అంటే ముప్పావు ఎకరంలో, అవిసె వేసేవాడు. పూత మీద ఉన్నప్పుడు ఒకసారి నన్ను తీసుకెళ్లి చూపింది. చేను నిండా సన్నటి నీలం పూలు. పొద్దెక్కేలోపే రాలిపోతాయని, పొద్దున్నే రమ్మని మరీ చెప్పి తీసుకెళ్లింది. ఆ మరుసటి ఏడు అతను అవిసె వేయలేదు. ఇప్పుడక్కడ ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నాయి. అది నా నాలుగు వాక్యాల వల్లనే అని చెప్పలేను. ఆ చుట్టుపక్కల అన్ని చేలకూ హద్దురాళ్లు వచ్చాయి. నా వల్ల కాదని కూడా చెప్పలేను.

పదకొండు రోజులు అయ్యాక వెళ్లాను. గానుగ ఇంకా మొదలుపెట్టలేదు. కోడలు ఒక్కతే రోలు తుడుస్తోంది. ఆ షెడ్డులో బయటివాళ్లు ఎవరూ లేనప్పుడు నేను వెళ్లడం అదే మొదటిసారి. కూర్చోమని పీట వేసింది. కూర్చుంటే చెప్పలేనేమోనని నిలబడే చెప్పాను. ఆ ఏడు నూనె చెడింది మీ వల్ల కాదమ్మా, నేనే బట్ట విప్పి ఎండలో పెట్టాను అని.

"ఎరికె," అన్నది తుడుస్తూనే.

ఎప్పటినుంచి అని అడిగాను.

"నువ్వు సీసా పట్టుకొచ్చిన నాటిసంది. అత్తమ్మ సూడంగనే జెప్పింది, టీచరమ్మ ఎండకు పెట్టిందే అని. మీ కాలనీకొచ్చి అందరి ముందట అడుగుతనని నేను లేస్తిని. పోనియ్యలే."

"ఎందుకు పోనివ్వలేదు?"

కోడలు గుడ్డ పక్కన పెట్టింది. "పిల్లలకు సదువు జెప్పిన మనిషి, మనం జెప్తె తలకాయ దించుకుంటది. ఆమెకే తెలుస్తది, ఆమెనే వొచ్చి జెప్తది, జర ఓపిక పట్టు అన్నది. నువ్వు వొచ్చినప్పుడల్ల నాకు కన్ను గీటేది, ఇయ్యాల జెప్తది సూడు అని. నువ్వు పోయినంక నవ్వేది, ఇయ్యాల గూడ చెప్పకపాయె అని."

నేను పీట మీద కూర్చున్నాను. మంచినీళ్లు ఇచ్చింది, తాగాను. నా తప్పు కప్పిపుచ్చుకున్నానని రెండేళ్లు అనుకున్నాను; పాలు పోసే మనిషి మాటకు తేలికపడింది కూడా అది ఇక బయటపడదనే. ఆవిడ మాత్రం రెండేళ్లూ ప్రతి నెలా నాకు ఒక అవకాశం ఇచ్చి, నేను వాడుకోకపోతే మరో నెల దాకా కాచుకుంది. నా దగ్గర చదివిన ఏ పిల్లవాడికీ నేను అంత గడువు ఇవ్వలేదు.

ఆ సాయంత్రమే గ్రూపులో రాశాను. అంకెలు వేయలేదు. కొందరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకావిడ, "అయితే ఇప్పుడు కొనుక్కోవచ్చా మేడం?" అని అడిగింది. కొనుక్కోవచ్చు. కోడలు కూడా గింజ కొరికి చప్పుడు వింటుంది, గానుగను మెల్లగానే తిప్పుతుంది. ఫోను లేనివాళ్లకు, ఫోనులో చదివి మరిచిపోయేవాళ్లకు కూడా తెలియాలని ఇది అచ్చులో రాస్తున్నాను. ఆవిడ నూనెలో ఏ రోజూ ఏ కల్తీ లేదు. తప్పు నాది.

నేను బయల్దేరుతుంటే కోడలు చీకటి గదిలోకి వెళ్లి ఒక సీసా తెచ్చింది. ఆవిడ పట్టిన ఆఖరి నూనె అది, ఆవిడే జాడీలో పోసి ఉంచింది. ఆ పదకొండు రోజులూ ఎవరూ కదపకపోవడంతో బాగా తేరిందట. సీసాకు చుట్టిన బట్ట చూసి గుర్తుపట్టాను. ఆకుపచ్చ మీద పసుపు గళ్ల నేత చీర. పిడికిలి తెరిచి నాకు పిండి చూపిన రోజున ఆవిడ కట్టుకున్నది అదే.

"అత్తమ్మదే," అన్నది కోడలు. "మంచిగ దాసుకో."

ఆ సీసా ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు అరలో ఉంది. రోజూ పొద్దున అన్నంలోకి ఒక చెంచా వంచుకుంటాను. బట్ట విప్పలేదు, పుస్తకంలో రాయడం లేదు. చేతికి తెలిసే బరువు తప్ప లోపల ఎంత మిగిలిందో నాకు తెలియదు. ఇవాళ మూత పెడుతుంటే చూశాను. రోజూ అంచు నుంచి జారిన చుక్క దారం ముడి దగ్గర ఇంకి, పైన ఉన్న రెండు పసుపు గళ్లు ముదిరి, ఆ రోజు గానుగ గిన్నెలోకి జారిన నూనె రంగుకు తిరిగాయి.